వంద పూసలు, రెండు రంగులు: మా ఒకటి, రెండు తరగతుల గణితమాల

ఒకటో తరగతికి లెక్కల సామాను ఒక్కటే కొనే వీలుంటే ఏం కొనాలి మేడం అని కాంప్లెక్స్ మీటింగుల్లో (చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే సమావేశాల్లో) కొత్త టీచర్లు అడుగుతుంటారు. వంద పూసల గణితమాల కొనమంటాను. అబాకస్ వద్దు, అయస్కాంతం అంకెల డబ్బా వద్దు, గోడకు అంటించే రంగుల చార్టు అసలే వద్దు. మా బడి బీరువాలో ఇవన్నీ ఉన్నాయి. చాలావరకు టీఎల్‌ఎం మేళా (బోధన సామగ్రి ప్రదర్శన) రోజున బయటికొచ్చి, సాయంత్రానికి మళ్లీ లోపలికి వెళ్లిపోయేవే. గణితమాల మాత్రం జూన్‌లో గోడకు ఎక్కితే మార్చి దాకా దిగదు. వారంలో ఐదు రోజులు పిల్లల చేతుల్లో నలుగుతుంది. అందుకే దీని మంచీ చెడ్డా కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను మహబూబాబాద్ జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. ఇద్దరు టీచర్ల బడి. ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఒకే గదిలో నా దగ్గర ఉంటారు. సగానికి పైగా తండా పిల్లలు, ఇంట్లో లంబాడీల భాష గోర్‌బోలి మాట్లాడతారు. బడిలో తెలుగు, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. అంటే ఒకే అంకెకు ఆరేళ్ల పిల్ల మూడు పేర్లు మోయాలి. పేరు ఏదైనా పూస ఒక్కటే కాబట్టి, ఈ దండ మా గదిలో పనికొచ్చినంతగా వేరే చోట్ల పనికొస్తుందో లేదో గానీ, మాకు మాత్రం బాగా కుదిరింది.

వస్తువు చాలా సింపుల్. ఒక తాడు, దానికి వంద పూసలు. పది ఎర్రవి, పది తెల్లవి, మళ్లీ పది ఎర్రవి, అలా చివరిదాకా. ఏ పూస మీదా అంకె ఉండదు. గణితమాల అనే పేరుతో మన బడులకు దీన్ని అలవాటు చేసినవాళ్లలో ఢిల్లీలోని జోడో జ్ఞాన్ సంస్థను ముందు చెప్పుకోవాలి. దీని వెనక ఆలోచన నెదర్లాండ్స్‌ది. హాన్స్ ఫ్రాయిడెంథాల్ అనే గణిత శాస్త్రవేత్త ప్రభావంతో 1970ల నుంచి అక్కడ పెరిగిన లెక్కల బోధనలో పిల్లలు ముందు పూసల దండ మీద నడుస్తారు, తర్వాత అంకెల్లేని ఖాళీ గీత మీద నడుస్తారు. నేను కొన్నది మాత్రం ఆన్‌లైన్‌లో దొరికిన ఇంకెవరిదో. గదికంతా ఒక పెద్దది, పిల్లలు జతలుగా పట్టుకోడానికి కొన్ని చిన్నవి.

పెద్ద దండ గురించి ముందు చెప్తాను. పూస అడ్డంగా రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది, అంటే పూసలే రెండున్నర మీటర్లు. చెక్క పూసలు, రంధ్రం నున్నగా ఉంది, రంగు ఇంతవరకూ చేతికి అంటలేదు. లోపం తాడులో ఉంది. పూసలు ఒకదానికొకటి బిగుసుకునేలా కట్టి పంపారు. గణితమాలలో పూసలు ఎంత ముఖ్యమో, వాటి మధ్య తెరుచుకునే ఖాళీ అంత ముఖ్యం. పూసల్ని పక్కకి జరిపితే 37 ఎర్ర, తెల్ల పూసల తర్వాత కొంచెం సందు కనిపించాలి. ఆ సందులో 37 అని రాసిన అట్టముక్క వేలాడాలి. సందే లేకపోతే అట్ట ఎక్కడ తగిలిస్తాం? హార్డ్‌వేర్ షాపులో నైలాన్ తాడు కొని మొత్తం మళ్లీ గుచ్చాల్సి వచ్చింది. ఒక జానెడు తాడు వదులు ఉంచితే సరిపోతుంది. అంతకన్నా వదిలితే మధ్యలో కిందికి వేలాడి, యాభై దగ్గర పూసలన్నీ కుప్పపడతాయి.

దాంతో వచ్చిన సూచనల కాగితం ఇంకా నిరాశ. బొమ్మలో అంకె అట్టను సరిగ్గా పూస మీద తగిలించారు. చూడ్డానికి చిన్న తేడాలా ఉంటుంది. కానీ అట్ట పూస మీద ఉంటే 37 అనేది ఆ ఒక్క పూస పేరు అయిపోతుంది, సినిమా హాల్లో సీటు నంబరు లాగా. పూస దాటాక ఉంటే, ఇక్కడి దాకా ముప్పై ఏడు వచ్చాయి అని అర్థం. ఈ రెండో అర్థమే రేపు కూడికకీ తీసివేతకీ కావాల్సింది. పైగా అలా పెడితేనే సున్నాకి చోటు దొరుకుతుంది: మొదటి పూస కంటే ముందు, మేకు పక్కన. మా దగ్గర ఆ చోటు కనిపెట్టింది ఒకటో తరగతి పిల్ల. "ఇంకా ఒక్కటి గూడ రాలేదు కదా టీచర్, గందుకే ఈడ" అంది.

చిన్న దండల సంగతి వేరు. పూస సెంటీమీటరు, దండ మీటరు పొడవు. ప్లాస్టిక్. వాటిలో ఒక దాంట్లో మూడో పదిలో పదకొండు పూసలు, నాలుగో పదిలో తొమ్మిది ఉన్నాయి. ఇది నేను చూసుకోలేదు, పిల్లలే పట్టుకున్నారు. ఒక జత 30 దగ్గర అట్ట పెట్టింది, పక్క జత వచ్చి నీది తప్పు అంది, ఇద్దరూ ఒకటి నుంచి లెక్కపెట్టి గొడవపడ్డారు. ఆ రోజు పాఠం ఆ గొడవే అయింది, బాగానే అయింది. కానీ డబ్బులిచ్చి కొన్న వస్తువులో పది అంటే పది ఉండాలి. అమ్మినవాళ్లకు ఫోటో పంపితే బదులు లేదు. దండతో పాటు వచ్చిన దారపు ట్యాగులు మొదటి వారంలోనే చిక్కుపడిపోయాయి. పాత పెళ్లిపత్రికలు కత్తిరించి, పైన చీలిక పెట్టి మేమే అట్టలు చేసుకున్నాం. అవే ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఇక వారం ఎలా నడుస్తుందో చెప్తాను. పొద్దున ప్రార్థన అయ్యాక రోజుకో పూస. బడి తెరిచిన రోజు నుంచి ఎన్ని రోజులు బడి నడిచిందో ఒక బట్టల క్లిప్పు చూపిస్తుంది, ఆ రోజు లీడరు దాన్ని ఒక పూస దాటిస్తాడు. జూన్ 12న మొదలైతే దసరా సెలవులు దాటాక నవంబర్ మొదట్లో ఎప్పుడో వందకు చేరుతుంది. రెండు నిమిషాల పని. "ఇంకా ఎన్ని రోజులకు నలభై అవుతది?" అని ఒక్క ప్రశ్న, అంతే. సోమవారం కొత్త పాఠం, దాని గురించి ప్రత్యేకంగా చెప్పడానికి ఏం లేదు.

అసలు సరదా మంగళవారం. ఆ రోజు ఊహ ఆట. నేను ఒక సంఖ్య చెప్తాను, ఒకరు వచ్చి పూసలు లెక్కపెట్టకుండా చూపుతోనే క్లిప్పు పెట్టాలి. మిగతావాళ్లు ముందుకా వెనక్కా అని అరుస్తారు. 48 అన్నాననుకోండి. జూలైలో పిల్లలు ఎడమ చివర నుంచి కళ్లతోనే ఒకటి, రెండు అని గొణుగుతూ వస్తారు, పదిహేను దాటగానే తప్పిపోతారు. ఆగస్టులో పదులు పట్టుకుంటారు: పది, ఇరవై, ముప్పై, నలభై, అక్కడి నుంచి ఎనిమిది. ఆ తర్వాత ఒక రోజు ఎవరో ఒకరు నేరుగా దండ మధ్యకు నడిచి, అక్కడి నుంచి రెండు పూసలు వెనక్కి వస్తారు. ఎలా అని అడిగితే "యాభైకి రెండు తక్కువ కదా" అంటారు, ఇదేం ప్రశ్న అన్నట్టు. ఇలాంటి జవాబు అబాకస్ మీద రాదు. అబాకస్‌లో పదుల తీగ మీద పూసకూ ఒకట్ల తీగ మీద పూసకూ సైజులో తేడా లేదు. నలభై ఎనిమిది యాభైకి ఆనుకుని ఉందని కంటికి కనిపించే మార్గం లేదు. దండ మీద 48 ఎంత దూరంలో ఉందో ఒళ్లంతా కదిలి నడిస్తేనే తెలుస్తుంది.

థర్టీన్, థర్టీ గొడవ తెలియని ప్రైమరీ టీచర్ ఉండరు. ఇంగ్లీషులో సంఖ్యలు చెప్పించడం మొదలుపెట్టాక ఇది రోజూ ఉండేదే. దండ దగ్గర ఒక పిల్లవాడు థర్టీన్ అని వినగానే ముప్పై దగ్గరికి పరిగెత్తితే గదంతా నవ్వుతుంది, వాడూ నవ్వుతాడు. నాలుగు వారాల్లో చెవి సరిపడుతుంది. రాతలో దిద్దితే ఇంత తొందరగా పోదు.

బుధవారం చిన్న దండలు, జతలుగా. ఒకరు సంఖ్య చెప్తారు, ఇంకొకరు అట్ట పెడతారు. ఒకటో తరగతి వాళ్లు ఇరవై లోపల, తర్వాత యాభై లోపల. రెండో తరగతి వాళ్లు రెండు రెండుగా, ఐదు ఐదుగా దూకుతారు. అంతే.

గురువారం, పొద్దున క్లిప్పు జరపడం తప్ప, దండ ముట్టుకోం. ఇది కావాలని పెట్టుకున్న నియమం. దీన్ని అమ్మేవాళ్లు స్థానవిలువ కూడా దీంతోనే వస్తుందన్నట్టు రాస్తారు, నేను ఒప్పుకోను. ముప్పై ఏడు చెప్పగానే 307 అని రాసే పిల్లలు ఏటా ఉంటారు. ముప్పై అంటే 30, ఏడు అంటే 7, పక్కపక్కన పెట్టేశారు, వాళ్ల లెక్క ప్రకారం సరైనదే. ఈ చిక్కు దండతో విడిపోదు, ఎందుకంటే దండలో పదులు రంగు మారతాయే గానీ విడిగా చేతికి రావు. చీపురు పుల్లలు పదేసి కట్ట కట్టి, రబ్బరు బ్యాండు వేసి, మూడు కట్టలు ఏడు పుల్లలు బల్ల మీద పెట్టి, కట్టల కింద 3, విడి పుల్లల కింద 7 రాయిస్తే విడిపోతుంది. రబ్బరు బ్యాండు తీసి కట్ట విప్పడం కూడా పిల్లలే చేయాలి. ఖర్చు లేని సామాను, దండకు పోటీ కాదు, జోడీ. ఈ రెండూ ఉంటే మూడోది కొనకండి.

శుక్రవారం గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఈ వస్తువు విలువంతా నాకు అక్కడే కనిపించింది. రెండో తరగతి వాళ్లు పలక మీద ఒక గీత గీస్తారు. పూసలు లేవు, అంకెలు లేవు, ఉత్త గీత. 28 కి 15 కలపాలి. గీత మీద ఒక చోట 28 రాసి, అక్కడి నుంచి చిన్న గెంతు 2, అది 30. పెద్ద గెంతు 10, అది 40. ఇంకో 3, అది 43. గెంతులు విల్లుల్లా గీస్తారు, పైన ఎంతో రాస్తారు. ఒక్కొక్కరి గెంతులు ఒక్కోలా ఉంటాయి. ముందు పది దూకి 38 కి వెళ్లి, తర్వాత రెండు, మూడు దూకేవాళ్లూ ఉన్నారు. పలకలు వరుసగా గోడకు ఆనించి ఎవరిది తక్కువ గెంతుల్లో అయిందో వాళ్లే చూసుకుంటారు.

తీసివేతలో తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 52 లోంచి 38 తీయమంటే, నిలువుగా రాసే పద్ధతి మాత్రమే తెలిసిన పిల్లల్లో చాలామంది 26 అంటారు. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి రెండు తీసి 6, ఐదులోంచి మూడు తీసి 2. చెయ్యి ఆడుతుంది, బుర్ర ఆడదు. దండ మీద ఇదే లెక్క రెండు అట్టల మధ్య దూరం. 38 నుంచి 40 కి రెండు, 50 కి పది, 52 కి రెండు. పద్నాలుగు. ఇలా నేర్చుకున్న పిల్లకు తర్వాత నిలువు లెక్కలో 26 వచ్చినా, అంత దూరం లేదే అని ఆగుతుంది. నాకు కావాల్సింది ఆ ఆగడమే. నిలువు పద్ధతి నేర్పను అనడం లేదు, దాని వంతు తర్వాత వస్తుంది.

శనివారం, రెండో శనివారం కాకపోతే, చివరి పీరియడ్ ఆట. ఒకరు మనసులో ఒక సంఖ్య అనుకుంటారు. మిగతావాళ్లు దానికంటే పెద్దదా చిన్నదా అని తెలుసుకుంటూ, రెండు చివర్ల ఉన్న క్లిప్పుల్ని లోపలికి జరుపుకుంటూ రావాలి. మొదట్లో "పన్నెండా? తొంభైయా?" అని నోటికొచ్చింది అడుగుతారు. కొన్నాళ్లకు మధ్యలో నరకడం వస్తుంది. ప్రతిసారీ సగానికి సగం నరుక్కుంటూ వస్తే వంద పూసల్లో ఏ సంఖ్యనైనా ఏడు ప్రశ్నల్లోపు పట్టేయొచ్చు. ఆ విషయం నేను చెప్పను. ఒక గుంపు ఎనిమిదితో, ఇంకో గుంపు ఏడుతో గెలుస్తూ వాళ్లే పోటీ పెట్టుకుంటారు.

తల్లిదండ్రుల నుంచి వచ్చే ఒకే ప్రశ్న: "మేడం, పూసలతో ఆడుకునుడేనా, ఎక్కాలు చెప్తలేరా?" చెప్తున్నాం. ఐదో ఎక్కం వాళ్ల పిల్లతో దండ మీద దూకించి చూపిస్తే శాంతిస్తారు. ఎక్కాలు కంఠతా రావడం నాకూ ఇష్టమే.

దీనికి సరిపోని చోట్లు కూడా ఉన్నాయి. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూసే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం ఒకటో తరగతి చివరికి 99 వరకు చదవడం రాయడం రావాలి, అక్కడిదాకా ఈ దండ చాలు. రెండో తరగతికి లక్ష్యం 999. వంద పూసలతో అక్కడికి వెళ్లలేం. కొందరు టీచర్లు పది దండలు కలిపి వెయ్యి పూసలు బడి వరండా అంతా పరిచి చూపిస్తారు. ఒకసారి చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, వారం వారం చేసే పని కాదు. అందుకే రెండో తరగతిలో దసరా దాటాక నేను మెల్లగా దండ దగ్గరికి పోనివ్వడం తగ్గించి, గీత మీదే చేయిస్తాను. గీత మీద 300 నుంచి 460 కి దూకడానికి పూసలు అక్కర్లేదు. ఏడాది చివరికి రెండో తరగతి పిల్లలు గోడ వైపు చూడకుండా లెక్క చేస్తుంటే వస్తువు దాని పని చేసినట్టు. ఇంకా పూసలు తడుముతూనే ఉన్నారంటే, మనం దాన్ని లెక్కపెట్టే సామానుగా మాత్రమే వాడామని అర్థం. 28 కి 15 కలపమంటే ఒకటి నుంచి మొదలుపెట్టి ఇరవై ఎనిమిది పూసలు, మళ్లీ పదిహేను పూసలు లెక్కపెట్టించే గదులు నేను చూశాను. దానికి చింతగింజలు చాలు, దండ దండగ.

నలభై మంది పిల్లలున్న గదికి ఒక్క పెద్ద దండ సరిపోదు, వెనక వరసకు పదుల రంగులే కనిపిస్తాయి, పూసలు కనిపించవు. అలాంటి చోట చిన్నవి ఎక్కువ కావాలి, లేదా పిల్లల్ని రెండు గుంపులు చేయాలి. దండను పిల్లల భుజం ఎత్తులో కట్టాలి. పెద్దవాళ్ల కంటికి అందేలా బోర్డు పైన కడితే అది అలంకారమే. రంగుల్లో ఎరుపు ఆకుపచ్చ జోడీ కొనకండి, ఆ రెండు రంగుల తేడా సరిగా తెలియని మగపిల్లలు ప్రతి పెద్ద తరగతిలో ఒకరైనా ఉండే అవకాశం ఉంది. ఎరుపు తెలుపు, నీలం పసుపు మంచివి. అంగన్‌వాడీ కూడా అదే ఆవరణలో ఉంటే చిన్న దండలు లెక్కపెట్టి డబ్బాలో పెట్టి మూత వేయండి. తాడు తెగితే సెంటీమీటరు పూస ముక్కులోకో నోట్లోకో పోవడానికి ఎంతో సేపు పట్టదు.

పెద్ద దండ మాత్రం కొనొచ్చు, చిన్నవి కొనొద్దు అనేది నా మాట. ఫ్యాన్సీ షాపులో రెండు రంగుల పూసల పొట్లాలు, చెప్పులు కుట్టేవాళ్లు వాడే గట్టి దారం తెచ్చుకుంటే చిన్నవి రెండో తరగతి పిల్లలే గుచ్చుతారు. స్కూల్ గ్రాంటులో ఇది లెక్కలోకి కూడా రానంత ఖర్చు. ఇంట్లో ఐదారేళ్ల పిల్లల కోసం అడిగేవాళ్లకు వంద పూసలు అవసరం లేదు, ఇరవై పూసల దండ చాలు, రంగు ఐదైదుకు మార్చండి. ముడి వేసే ముందు ఒక్కో రంగులో ఎన్ని ఉన్నాయో పిల్లలతోనే లెక్కపెట్టించండి.